కిలో చెక్క ఎక్కువ పెట్టినా పాలు ఎందుకు పెరగలేదు? బ్రెజిల్ గడ్డి చెప్పే లెక్క

ఈ రోజు ఎపిసోడ్‌లో కొత్త ఫోన్ లేదు, కొత్త యాప్ లేదు. కొన్ని ఆవులు, కొంచెం గడ్డి, నేను చేసిన రెండు తప్పులు ఉన్నాయి. ఆ తప్పుల ఖరీదు నేను కట్టలేదు, మా చిన్నాయన కట్టాడు. అందుకే ఈ వీడియో చేయాలనిపించింది. మీ ఇంట్లో ఒక్క ఆవు ఉన్నా చివరిదాకా వినండి. ఆవులు లేకపోయినా పర్లేదు, రోజూ పాలు తాగుతారు కదా.

మా చిన్నాయనది చిత్తూరు జిల్లాలో ఒక పల్లె. ఆరు పాడి ఆవులు, అన్నీ హెచ్‌ఎఫ్, జెర్సీ క్రాసులే. ఒక ఎకరం నేపియర్ గడ్డి. పొద్దున, సాయంత్రం పాల సెంటర్లో పోస్తాడు. సగటున ఆవుకి రోజుకి 12 లీటర్లు వచ్చేవి. నేను సాఫ్ట్‌వేర్ జాబ్ మానేసి ఊరికొచ్చిన కొత్తలో, "చిన్నాయనా, నీ గడ్డి, దాణా లెక్కంతా నేను చూస్తా, పాలు పెంచి చూపిస్తా" అన్నా. ఆయన నవ్వి, "నువ్వు బీటెక్ చదివినోడివి నాయనా, నీకు తెలీందా" అన్నాడు. నిజంగా నమ్మాడు. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే కొంచెం కష్టంగానే ఉంటుంది.

మొదటి తప్పు. నేపియర్ నాటాక మొదటి కోత 75 రోజులకి, ఆ తర్వాత 45 రోజులకోసారి కోయాలని మన దగ్గర సాధారణంగా చెప్తారు. నేను ఆ 75 అనే నంబర్ చూసి ప్రతి కోతకీ అదే పెట్టేశా. ఎక్సెల్ షీట్‌లో అది అద్భుతంగా కనపడింది. కోతకి టన్నులు ఎక్కువ, ఏడాదికి కోతలు తక్కువ, కూలీ మిగులు. పొలంలో గడ్డి పదడుగులు లేచింది. దాని పక్కన నిలబడి ఫోటో దిగి స్టేటస్ కూడా పెట్టా. కొట్టంలో మాత్రం 12 లీటర్లు కాస్తా 9కి పడిపోయాయి. చిన్నాయన ఒక్క మాటే అన్నాడు: "రేయ్, గడ్డి బలిసిపోయిండాది. ఆవులు కాడలన్నీ గాడిలోనే వదిలేస్తా ఉండాయి."

రెండో తప్పు. నేను కంగారుపడి ఒకేసారి రెండు మార్పులు చేశా. గడ్డిని మళ్ళీ లేతగా కోయించా. దాంతోపాటు ఆవుకి రోజూ కిలో వేరుశనగ చెక్క అదనంగా పెట్టించా. పాలు 12కి తిరిగొచ్చాయి. నేను కాలరెగరేశా, చెక్క పనిచేసింది అని. కోడ్ రాసేవాళ్ళకి ఇక్కడ నా బండారం అర్థమైపోయి ఉంటుంది. ఒకే రిలీజ్‌లో రెండు మార్పులు తోసి, బగ్ పోయాక దేనివల్ల పోయిందో తెలుసని చెప్పుకోవడం అన్నమాట. అసలు దేనివల్ల పోయిందో రెండు నెలల తర్వాత తెలిసింది. ఆ సంగతి చివర్లో చెప్తా. దానికంటే ముందు బ్రెజిల్ వెళ్ళి రావాలి.

ఎందుకు బ్రెజిల్?

వేడి దేశాల గడ్డి మీద ఆవుల్ని మేపి పాలు తీయడం గురించి బాగా పరిశోధన జరిగిన దేశాల్లో బ్రెజిల్ ఒకటి. మనకి ఆ దేశంతో ఒక చుట్టరికం కూడా ఉంది. అక్కడి మాంసపు పశువుల్లో ఎక్కువ భాగం నెలోరే అనే జాతి, లేదా దాని రక్తం ఉన్నవి. నెలోరే అంటే మన నెల్లూరే. 19వ శతాబ్దంలో మొదలుపెట్టి మన ఒంగోలు పశువులు ఓడలెక్కి అక్కడికి వెళ్ళాయి. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది, అందుకే ఆ పేరు. పాడిలో వాళ్ళు ఎక్కువగా నమ్ముకున్నది గిరోలాండో. గుజరాత్ గిర్ ఆవుకీ హోల్‌స్టీన్‌కీ పుట్టిన క్రాస్ అది. ఇంక గడ్డి సంగతంటారా, మన నేపియర్ అక్కడా ఉంది. దాన్ని ఏనుగు గడ్డి అంటారు. పుట్టిల్లు ఆఫ్రికా, మనకీ వాళ్ళకీ అక్కడినుంచే వచ్చింది.

తేడా ఒక్కటే. మనం గడ్డి కోసి ఆవు ముందు వేస్తాం. వాళ్ళు ఆవునే గడ్డిలోకి వదుల్తారు. పొలాన్ని చిన్న చిన్న మడులుగా విడగొట్టి, కరెంటు తీగ కట్టి, ఒక మడి అయ్యాక ఇంకో మడికి తిప్పుతారు. ఇక్కడ అసలు ప్రశ్న ఏంటంటే, ఆవుని మడిలోకి ఎప్పుడు వదలాలి, ఎప్పుడు బయటికి తీయాలి?

95 శాతం అనే గీత

పాతకాలపు జవాబు క్యాలెండర్. బ్రెజిల్ ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎంబ్రాపాకి జుయిజ్ ది ఫోరా అనే ఊళ్ళో పాడి పశువుల కేంద్రం ఉంది. ఏనుగు గడ్డికి వాళ్ళు ప్రచారం చేసిన పద్ధతి ఇలా ఉండేది: ఒక మడిలో 3 రోజులు మేత, తర్వాత 30 రోజులు విశ్రాంతి. మొత్తం 33 రోజుల చక్రం, కాబట్టి 11 మడులు. గుర్తుపెట్టుకోవడం చాలా ఈజీ. కానీ గడ్డికి క్యాలెండర్ తెలీదు కదా. వాన, ఎండ, ఎరువు అన్నీ కుదిరిన నెలలో 30 రోజులకే ముదిరిపోతుంది. చలికాలంలో, నీళ్ళు లేనప్పుడు 30 రోజులకి ఇంకా లేవనే లేవదు.

సావో పాలో రాష్ట్రంలో పిరాసికాబా అనే ఊరుంది. అక్కడ 1901లో మొదలైన వ్యవసాయ కళాశాల ఒకటి ఉంది, ఇప్పుడు సావో పాలో విశ్వవిద్యాలయంలో భాగం. అక్కడివాళ్ళు రోజులు లెక్కపెట్టడం పక్కన పెట్టి వెలుతురు లెక్కపెట్టారు. ఈ ఆలోచన వాళ్ళకంటే ముందు న్యూజిలాండ్‌లో 1950ల్లో చల్లని దేశపు గడ్డి మీద వచ్చింది. దాన్ని వీళ్ళు వేడి దేశపు గడ్డి మీద పెట్టి చూశారు.

విషయం సింపుల్. ఆవు మేసి వెళ్ళాక మడిలో ఆకు తక్కువ, సూర్యుడి వెలుతురు చాలావరకు నేలమీద పడుతుంది. గడ్డి కొత్త ఆకులు వేస్తుంది, వెలుతురుని పట్టుకుంటుంది. ఇంకా ఆకులు, ఇంకా వెలుతురు. పడే వెలుతురులో 95 శాతం ఆకులే పట్టేసుకుని, నేలకి 5 శాతమే చేరే రోజు ఒకటి వస్తుంది. అప్పటిదాకా పెరిగిందంతా దాదాపు ఆకే. ఆ గీత దాటాక కథ మారుతుంది. కింది ఆకులకి నీడ పడి ఎండిపోవడం మొదలవుతుంది. పక్క మొక్క కంటే పైకెళ్ళి వెలుతురు అందుకోవాలని ప్రతి మొక్కా కాడ సాగదీస్తుంది. బయటినుంచి చూస్తే గడ్డి ఇంకా బ్రహ్మాండంగా పెరుగుతోంది. నిజానికి పెరుగుతున్నది కాడ, ఎండాకు.

ఫోన్ ఛార్జింగ్‌తో పోల్చుకోండి. 80 శాతం దాకా చకచకా ఎక్కుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. గడ్డి విషయంలో ఇంకా ఘోరం ఏంటంటే, 95 దాటాక ఛార్జ్ ఎక్కుతున్నట్టే స్క్రీన్ మీద కనపడుతుంది, లోపల మాత్రం బ్యాటరీ పాడవుతూ ఉంటుంది. నేను స్టేటస్ పెట్టుకున్న పదడుగుల గడ్డి అదే.

రైతు రోజూ వెలుతురు కొలిచే మీటర్ పట్టుకుని తిరగలేడు కదా. అందుకని ఆ 95 శాతం ఏ ఎత్తు దగ్గర వస్తుందో గడ్డి గడ్డికీ కొలిచి పెట్టారు. ఏనుగు గడ్డిలో కామెరూన్ అనే రకానికి సుమారు 100 సెంటీమీటర్లు. గినీ గడ్డిలో మొంబాసా రకానికి 90, టాంజానియా రకానికి 70. అంటే రైతుకి కావలసిన పరికరం ఒక స్కేలు కర్ర. గడ్డి ఆ ఎత్తుకి రాగానే ఆవుని వదలాలి, అది ఏ తారీఖైనా సరే.

ఎప్పుడు బయటికి తీయాలి అన్నదానికీ ఒక లెక్క ఉంది. ఎత్తులో 40 శాతం వరకు దిగేదాకా ఆవు మంచి స్పీడుతో తింటుంది. అక్కడినుంచి కిందికి దిగేకొద్దీ కాడలు తగుల్తాయి, నోటికి వచ్చే మేత తగ్గుతుంది. అందుకే సుమారు సగం ఎత్తు మిగిలుండగానే పక్క మడికి తోలేస్తారు. చూసేవాళ్ళకి వేస్ట్ అనిపిస్తుంది. కానీ ఆ మిగిలిన ఆకే తర్వాతి పంటకి సోలార్ ప్యానెల్. మొదలంటా నాకించేస్తే గడ్డి మళ్ళీ వేళ్ళలో దాచుకున్నది తీసి ఖర్చుపెట్టి లేవాలి, దానికి టైం పడుతుంది.

ఆవు నోరు, ఆవు పొట్ట

ఇప్పుడు ఆవు వైపునుంచి చూద్దాం. మేతలో ఉన్న ఆవు రోజుకి 8 నుంచి 10 గంటలు మేస్తుంది, దాదాపు అంతే సేపు నెమరేస్తుంది. పాలిచ్చే టైం, పడుకునే టైం ఉండనే ఉన్నాయి. ఆవుకీ రోజుకి 24 గంటలే కదా. కాబట్టి ఎంత తింటుందన్నది ఒక్కో నోటికి ఎంత వస్తుంది, నిమిషానికి ఎన్ని నోళ్ళు పడతాయి అన్నదాని మీదే ఆధారపడుతుంది. ఆకు నిండుగా ఉంటే నాలుకతో చుట్టి గుత్తిగా లాగేస్తుంది. కాడలు అడ్డొస్తే వాటి మధ్యలోంచి ఆకు ఏరుకోవాలి. నోరు చిన్నదవుతుంది, టైం అయిపోతుంది.

పొట్టలో ఇంకో బాటిల్‌నెక్ ఉంది. ఆవు మొదటి పొట్ట వంద లీటర్లు దాటే డ్రమ్ము. అందులో కోట్లకొద్దీ సూక్ష్మజీవులు పీచుని పులియబెడతాయి. లేత ఆకు తొందరగా విరిగి ముందుకెళ్తుంది, డ్రమ్ము ఖాళీ అవుతుంది, ఆవు మళ్ళీ తింటుంది. ముదురు కాడ అక్కడే రోజుల తరబడి నానుతుంది. డ్రమ్ము నిండుగా ఉంటుంది, ఆవుకి కడుపు నిండినట్టే ఉంటుంది, కానీ ఒంటికి అందేది తక్కువ. మా కొట్టంలో 12 లీటర్లు 9 అయింది ఇందుకే. గాడి నిండా గడ్డి ఉన్నా అవి అర్ధాకలితో ఉన్నట్టే.

పిరాసికాబాలో ఇదే విషయాన్ని పాడి ఆవుల మీద నేరుగా పరీక్షించారు, 2018లో ఫలితాలు వచ్చాయి. ఒకే ఏనుగు గడ్డి. కొన్ని ఆవుల్ని 95 శాతం దగ్గర వదిలారు. కొన్నింటిని ఇంకా ఆగి, గడ్డి పట్టగలిగినంత వెలుతురు పట్టాక వదిలారు. ముందే వదిలిన ఆవులు ఎక్కువ తిన్నాయి, ఎక్కువ పాలిచ్చాయి. అదే నేలలో ఎక్కువ ఆవులు బతికాయి కూడా. రెండూ కలిపి హెక్టారుకి వచ్చే పాలు దాదాపు సగం పెరిగాయి. ఆవు త్రేన్పుల్లో పోయే మీథేన్, అంటే భూమిని వేడెక్కించే గ్యాస్, పాల లెక్కన చూస్తే సుమారు ఐదో వంతు తగ్గింది. కొత్త విత్తనం లేదు, కొత్త మందు లేదు. గేటు తీసే రోజు మారిందంతే.

ప్రోటీన్ ఎక్కడికి పోతుంది?

ఇప్పుడు నా రెండో తప్పుకి వద్దాం. ఆవు తిన్న ప్రోటీన్ నేరుగా పాల ప్రోటీన్ అయిపోదు. మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని చాలావరకు విడగొట్టి అమ్మోనియా చేస్తాయి. ఆ అమ్మోనియాతో మళ్ళీ తమ ఒంటిని కట్టుకుంటాయి. ఆ సూక్ష్మజీవులు కిందికి వెళ్ళి అరుగుతాయి, ఆవుకి అందే ప్రోటీన్‌లో పెద్ద వాటా అదే. ఆవు గడ్డి తింటుందని మనం అనుకుంటాం, నిజానికి అది గడ్డితో సూక్ష్మజీవుల్ని సాగుచేసి వాటిని తింటుంది.

అయితే అమ్మోనియాని ఒళ్ళుగా మార్చుకోవడానికి సూక్ష్మజీవులకి శక్తి కావాలి. అంటే పిండిపదార్థం, చక్కెర, త్వరగా అరిగే పీచు. ఇల్లు కట్టడానికి ఇటుకలు లారీల్లో దిగాయి, మేస్త్రీలకి మాత్రం అన్నం లేదు. అప్పుడు ఇంకో లారీ ఇటుకలు తెప్పిస్తే గోడ లేవదు కదా. పొట్టలో మిగిలిపోయిన అమ్మోనియా రక్తంలోకి పోతుంది. అది విషం కాబట్టి కాలేయం దాన్ని యూరియాగా మారుస్తుంది. ఆ యూరియాలో ఎక్కువ భాగం మూత్రంలో పోతుంది, కొంత పాలల్లోకీ వస్తుంది. అందుకే కొన్ని దేశాల్లో పాల శాంపిల్‌లో యూరియా కొలిచి ఆవు మేత సరిగా ఉందో లేదో చెప్తారు. ఇదంతా ఊరికే జరగదు, యూరియా తయారుచేయడానికి కూడా ఆవు శక్తి ఖర్చుపెట్టాలి.

మామూలుగానే పాడి ఆవు తిన్న నత్రజనిలో పాలల్లోకి చేరేది సుమారు పావు వంతు. మిగతాది పేడ, మూత్రం. ప్రోటీన్ ఎక్కువయ్యేకొద్దీ అదనంగా పోయేది ముఖ్యంగా మూత్రంలోనే.

పిరాసికాబా వాళ్ళు 2013లో ప్రచురించిన ఇంకో పరీక్ష చూసి నా కళ్ళు తెరుచుకున్నాయి. బాగా ఎరువేసిన, సరైన టైంకి మేపిన ఏనుగు గడ్డి. అందులో ప్రోటీన్ 18 శాతం పైనే. ఆవులకి ఒకే మోతాదు దాణా, కానీ మూడు రకాలుగా. మొదటి దాంట్లో ప్రోటీన్ 8.7 శాతం, అంటే దాదాపు ఉత్త మొక్కజొన్న పిండే. రెండో దాంట్లో 13.4, మూడో దాంట్లో 18.1. ప్రోటీన్ రెండింతలు దాటినా పాలు పెరగలేదు. గడ్డిలోనే ఇటుకలు సరిపడా ఉన్నాయి, ఆవు అడుగుతున్నది అన్నం.

చెక్క అయిపోయిన వారం

ఇప్పుడు చిన్నాయన కొట్టానికి వద్దాం. చెక్క పెట్టడం మొదలుపెట్టి రెండు నెలలైంది. ఒక వారం అంగట్లో చెక్క దొరకలేదు. చిన్నాయన నాకు చెప్పకుండానే, ఇంట్లో ఉన్న మొక్కజొన్న పట్టించి, చెక్క బదులు రోజుకి కొంచెం కొంచెంగా పిండి పెంచుకుంటూ కిలో దాకా తెచ్చాడు. పది రోజుల తర్వాత పాల సెంటర్ పుస్తకం నా చేతికిచ్చి, "చూడు నాయనా" అన్నాడు. అదే 12. ఫ్యాట్‌లో తేడా లేదు. ఇంకో మాట చిన్నమ్మ చెప్పింది: "పొద్దున్నే కొట్టం కడిగేటప్పుడు కండ్లు మండేవి, ఇప్పుడు మండటం లే." ఆ మంట మూత్రంలోని యూరియా విడిపోయి గాల్లోకి లేచిన అమ్మోనియా. నేను ఎక్సెల్‌లో వెతుకుతున్నది ఆమెకి ముక్కుతోనే తెలిసింది.

ఆ రాత్రి లెక్క వేశా. మీరూ ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. 12 లీటర్ల పాలల్లో ప్రోటీన్ 3.2 శాతం అనుకుంటే, అందులో నత్రజని సుమారు 60 గ్రాములు. ఆవు రోజు మేత ఎండు లెక్కన 12 కిలోలు, అందులో ప్రోటీన్ 14 శాతం అనుకుందాం. నత్రజని 270 గ్రాముల దగ్గర. దానిమీద కిలో మొక్కజొన్న పిండి పెడితే ఇంకో 14 గ్రాములు. అదే కిలో వేరుశనగ చెక్కలో 45 శాతం ప్రోటీన్ అనుకుంటే 72 గ్రాములు. పాలు రెండింటికీ ఒకటే. పిండితో 100 గ్రాముల నత్రజని తింటే 21 గ్రాములు పాలల్లోకి వచ్చింది. చెక్కతో 18 కూడా రాలేదు.

రెండింటికీ తేడా ఆవుకి రోజుకి 58 గ్రాములు. ఆరు ఆవులు, 60 రోజులు. సుమారు 21 కిలోల నత్రజని. యూరియాలో నత్రజని 46 శాతం. అంటే కరెక్ట్‌గా 45 కిలోల బస్తా ఒకటి. చెక్క కిలో 50, మొక్కజొన్న 25 అని మాకు పడిన ధర. తేడా 25 రూపాయలు, 360 కిలోలకి 9,000 రూపాయలు. సబ్సిడీ మీద 266 రూపాయల 50 పైసలకి దొరికే యూరియా బస్తాని నేను చిన్నాయన చేత 9,000 పెట్టించి ఆవు పొట్టలో తయారుచేయించా. అది కూడా పొలానికి చేరలేదు, చాలావరకు కొట్టంలోనే గాల్లో కలిసిపోయింది.

ఆయనకి ఆ లెక్క చూపించి సారీ చెప్పా. "పోనీలే, ఆవులు బాగుండాయి కదా" అన్నాడు. 9,000 ఆయనకి చిన్న మొత్తం కాదని నాకు తెలుసు. ఆ నెల సంఘంలో కట్టాల్సిన వాయిదా ఒకటి వెనక్కి పోయిందని తర్వాత చిన్నమ్మ ద్వారా తెలిసింది.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆరు ఆవుల మీద పది రోజులు చూసింది పరిశోధన కాదు. ఈతై నెలలు గడిచేకొద్దీ పాలు వాటంతటవే మారతాయి, ఎండ మారితే మారతాయి. కానీ మా కొట్టంలో జరిగింది, అక్కడ పద్ధతిగా చేసిన పరీక్షలో తేలింది ఒకే వైపు చూపిస్తున్నాయి కాబట్టే ధైర్యంగా చెప్తున్నా.

సాయంత్రం గేటు

ఇంకో చిన్న ట్రిక్ ఉంది. పగలంతా ఎండలో ఆకు చక్కెర తయారుచేసి దాచుకుంటుంది. రాత్రి దాన్ని ఖర్చుపెడుతుంది. కాబట్టి తెల్లవారుజాము ఆకు కంటే సాయంత్రం ఆకులో చక్కెర ఎక్కువ, అంటే మేస్త్రీలకి అన్నం ఎక్కువ. ఆవులకి కూడా పొద్దుగూకే ముందు మేత బాగా సాగుతుంది, రోజులో ఎక్కువసేపు ఏకబిగిన మేసేది అప్పుడే. రెండూ కలిసేలా కొత్త మడి గేటుని పొద్దున కాకుండా మధ్యాహ్నం పాలు తీశాక తెరవడాన్ని పిరాసికాబాలో పరీక్షించారు. రూపాయి ఖర్చు లేని మార్పు ఇది. కోసి వేసేవాళ్ళు కూడా వీలైతే రాత్రి మేతకి సాయంత్రం కోసుకోవచ్చు.

మనం ఏం చేయొచ్చు?

బ్రెజిల్ పద్ధతిని మన ఎకరంలో అలాగే దించలేం. ఒక ముఖ్యమైన తేడా గుర్తుపెట్టుకోండి. మడిలో ఉన్న ఆవు ఆకు ఏరుకుని కాడ వదిలేస్తుంది. మనం చాఫ్ కట్టర్‌లో వేసి ఆకు, కాడ కలిపి ముక్కలు చేసేస్తాం. ఏరుకునే ఛాన్స్ కూడా ఉండదు. కాబట్టి కోసి వేసేవాళ్ళకి సరైన టైం ఇంకా ముఖ్యం. 100 సెంటీమీటర్లు అనేది మేతకి చెప్పిన ఎత్తు, కోతకి అదే పట్టుకోనక్కర్లేదు. నేపియర్‌కి మొదటి కోత తర్వాత 45 రోజులు అనేది మొదలుపెట్టడానికి మంచి నంబర్. వానల్లో అంతకంటే ముందే మొదట్లో కాడ గట్టిపడితే ముందే కోయండి. ఎకరమంతా ఒకేసారి కోయకుండా మడులుగా పెట్టుకుంటే రోజూ ఒకే వయసు గడ్డి దొరుకుతుంది.

రెండోది, దాణా నిర్ణయించే ముందు గడ్డిని చూడండి. గడ్డి లేతగా, ముదురు పచ్చగా, యూరియా పడి ఉంటే ఆవుకి కావలసింది చాలాసార్లు శక్తి. అదే మేత వరిగడ్డో, ఎండిన చొప్పో, బలిసిన నేపియరో అయితే లెక్క తిరగబడుతుంది. మేతలో ప్రోటీన్ 7 శాతం కంటే పడిపోతే సూక్ష్మజీవులకే తిండి ఉండదు, పీచు కూడా సరిగా అరగదు. అప్పుడు చెక్క నిజంగా పనిచేస్తుంది. రోజుకి 25 లీటర్లు ఇచ్చే ఆవు సంగతి కూడా వేరు, దానికి సూక్ష్మజీవుల ప్రోటీన్ ఒక్కటే చాలకపోవచ్చు. ఈ వీడియో చూసి రేపే చెక్క ఆపేశారంటే నేను మూడో తప్పు చేసినట్టే.

మూడోది, ఏ మార్పైనా ఒక్కటే చేయండి, వారం పది రోజుల్లో మెల్లగా చేయండి. మొక్కజొన్న పిండి ఒక్కసారిగా ఎక్కువ పెడితే పొట్టలో పులుపు పెరిగి ఆవు ప్రాణం మీదికి వస్తుంది. యూరియా గట్టిగా వేసిన వెంటనే, లేదా బెట్ట తర్వాత వాన పడి లేచిన లేత గడ్డిలో నైట్రేట్ ఎక్కువ ఉండొచ్చు, దాన్ని ఒక్కటే కడుపునిండా పెట్టొద్దు. లేత నేపియర్‌లో ఆక్సలేట్ ఉంటుంది, అది కాల్షియంని పట్టేసుకుంటుంది. మినరల్ మిక్చర్ మానొద్దు. అనుమానం వస్తే మీ పశువుల డాక్టర్‌ని అడగండి, యూట్యూబ్‌ని కాదు. నన్ను కూడా కాదు.

నాలుగోది, రాసుకోండి. తారీఖు, గడ్డి వయసు, దాణా ఎంత, పాలు ఎన్ని. ఫోన్‌లో నోట్స్ యాప్ చాలు. దాంతోపాటు కొట్టం కడిగేవాళ్ళని అడగండి. గాడిలో ఏం మిగిలింది, పేడ ఎలా ఉంది, మూత్రం ఘాటు ఎలా ఉంది. ఇవి ఏ షీట్‌లోనూ లేని డేటా.

ఇప్పుడు చిన్నాయన ఎకరాన్ని తొమ్మిది మడులు చేశాడు. ఐదు రోజులకి ఒక మడి, మొత్తం 45 రోజుల చక్రం. వానలు బాగా పడితే ముందుకి జరుపుతాడు, ఎండలైతే ఆగుతాడు. ఆ నిర్ణయం ఆయనదే. గట్టు మీద నిలబడి ఒక కాడ విరిచి చూసి, "ఈ పొద్దు కోయొచ్చురా" అంటాడు. నేను తారీఖు రాసుకుంటా.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. మీ ఇంట్లో ఆవులుంటే ఈ రోజు సాయంత్రం ఒక పని చేయండి. గాడిలో మిగిలిన గడ్డి చేత్తో తీసి, అందులో ఆకెంత, కాడెంత చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.